జబ్బు చేయకముందే ఒకసారి

బ్యాంకులో వ్యవసాయ క్షేత్రాధికారిగా చేరకముందు నేను చదివింది పశువైద్యం. పాడి రుణాల ఫైళ్లు చూడటానికి ఆ చదువు బాగానే పనికొస్తోంది. అయితే ఈ పన్నెండేళ్లలో గేదెల గురించి నాకు వచ్చిన ఫోన్ల కన్నా, మన సిబ్బంది ఇళ్లలోని కుక్కలు, పిల్లుల గురించి వచ్చినవే ఎక్కువ.

“మేడమ్, మా టామీ రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు, ఏదైనా మాత్ర చెప్పండి” అని మొదలవుతాయి అవి. జంతువును చూడకుండా ఫోనులో మందు చెప్పకూడదు కనుక చెప్పను. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లమని, రెండు ప్రశ్నలు మాత్రం అడుగుతాను. చివరి టీకా ఎప్పుడు వేయించారు? నులిపురుగుల మందు ఎప్పుడు పట్టారు? “చిన్నప్పుడెప్పుడో వేయించామండీ” అన్నదే చాలామంది జవాబు.

పాడి గేదెకు రుణం ఇవ్వాలంటే పశువైద్యుడి ధ్రువపత్రం, చెవికి 12 అంకెల ట్యాగు, బీమా కావాలి. అవి లేనిదే మన దగ్గర ఫైలు కదలదు. ఇంట్లో సోఫా మీద నిద్రపోయే కుక్కకు మాత్రం ఒక్క కాగితమూ ఉండదు. గేదె పాలిస్తుంది, దాని లెక్క వేరు అంటారు కొందరు. నిజమే, కానీ గేదె కొట్టంలో ఉంటుంది, కుక్క మీ పిల్లల మంచం మీద ఉంటుంది.

కుక్కపిల్లను కొత్తగా తెచ్చుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది, “ఒకసారి టీకా వేశాక మళ్లీ మళ్లీ ఎందుకు? డాక్టర్ల వ్యాపారం కాదా?” అని. వ్యాపారం కాదు. పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతో పిల్లకు తల్లి నుంచి ప్రతిరక్షకాలు అందుతాయి. కొన్ని వారాల పాటు పిల్లను కాపాడేవి అవే. చిక్కేమిటంటే, అవి ఒంట్లో ఉన్నంతకాలం మనం వేసే టీకాను కూడా శత్రువనుకుని పనిచేయనివ్వవు. ఒక పిల్లలో అవి ఎనిమిదో వారానికే తగ్గిపోవచ్చు, దాని తోబుట్టువులో పద్నాలుగో వారం దాకా ఉండొచ్చు. పైకి చూసి చెప్పలేం. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తారు. జనం ఎక్కువగా మానేసేది చివరి డోసునే. అప్పటికి పిల్ల ఇల్లంతా గంతులేస్తుంటుంది, ఇంకేం భయం అనిపిస్తుంది. ఒక్కోసారి ఆ చివరిదే నిజంగా పట్టిన టీకా కావచ్చు.

ఈ టీకాలు ఆపేవాటిలో నేను ఎక్కువగా భయపడేది పార్వో. 1978 ప్రాంతంలో కొత్తగా బయటపడిన ఈ వైరస్ రెండేళ్లు తిరిగేలోగా ప్రపంచమంతా చుట్టేసింది. ఇది నేలలో నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. “మా పిల్ల బయటికే వెళ్లదు” అన్న ధీమా దీని దగ్గర చెల్లదు.

నా పాత శాఖలో ఒక సహోద్యోగి కూతురి పుట్టినరోజుకు లాబ్రడార్ పిల్లను కొన్నారు. టీకాలన్నీ అయిపోయాయన్నాడు అమ్మినవాడు. కాగితం అడిగితే తర్వాత పంపిస్తానన్నాడు. ఐదో రోజు వాంతులు, ఆరో రోజు రక్త విరేచనాలు. ఆసుపత్రిలో మూడు రోజులు సెలైన్ పెట్టించారు, దక్కలేదు. తర్వాతి నెల ఆ పాప నాన్నతో శాఖకు వచ్చి, “ఆంటీ, ఇంకో పప్పీని తెచ్చుకోవచ్చా?” అని అడిగింది. ఇల్లంతా 30 పాళ్ల నీళ్లకు ఒక పాలు బ్లీచ్ కలిపి కడగాలనీ, మట్టి పెరడు కనుక కనీసం ఆరు నెలలు ఆగాలనీ, అప్పుడు కూడా టీకాలు పూర్తయిన పిల్లనే తేవాలనీ చెప్పాను. అన్నిటికీ తలూపింది. ఆరు నెలలంటే ఏ నెల అని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

మన వృత్తిలోవాళ్లకు ఒక విషయం ఇట్టే అర్థమవుతుంది. టీకా వేశాక సీసా మీది స్టిక్కరును పుస్తకంలో అంటించి, తేదీ వేసి, డాక్టరు సంతకం చేయాలి. స్టిక్కరు లేని టీకా వోచరు లేని ఎంట్రీ లాంటిది. అమ్మేవాడు నోటితో చెప్పినదాన్ని లెక్కలోకి తీసుకోకండి. డాక్టరుకు చెప్పి మొదటి నుంచీ వేయించండి.

రేబిస్ టీకా సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అది కుక్క కోసమే కాదు, ఇంటిల్లిపాది కోసం. మూడు నెలలు నిండగానే వేయించి, డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు వేయించి, ఆ తర్వాత ఏటా మానకుండా వేయించాలి. పిల్లులకూ అంతే. పిల్లికి రేబిస్ రాదని చాలామంది అనుకుంటారు, వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక కుక్కైనా మనిషైనా బతకడం దాదాపు లేదు. కాటు వేసినా, గీరి రక్తం వచ్చినా, ముందు చేయాల్సింది కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కరిచింది మన కుక్కే అయినా, దానికి టీకా వేయించి ఉన్నా, ఆ మాట డాక్టరుతోనే చెప్పి నిర్ణయం వాళ్లకే వదలాలి.

బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అన్న భయంతో ఇప్పటికీ పెద్దవాళ్లు కాటును దాచిపెడుతుంటారు. మా అత్తగారు కూడా అలాగే అనేవారు. ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004 చివర్లోనే ఆపేశారు. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు డోసులే, లోతైన గాయమైతే దానిలో వేసే మరో మందు ఉంటుంది. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక బాలుడికి తొలిసారి ఈ టీకా ఇచ్చింది 1885 జూలై 6న. ఆ తేదీనే జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినంగా జరుపుతారు. మన తెలుగు రాష్ట్రాల్లో చాలా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆ రోజు పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. శాఖలో క్యాలెండరు మీద గుండ్రం చుట్టుకుంటే సరిపోతుంది.

ఇక గోమార్లు. కొన్నిచోట్ల పిడుదులంటారు. వీటి గురించి మన ఇళ్లలో ఉన్నంత నిర్లక్ష్యం మరి దేని గురించీ ఉండదు. “కుక్కన్నాక గోమార్లుండవా” అంటారు. మన ఇళ్లలో కనిపించే గోధుమరంగు గోమారు తన జీవితంలో ఎక్కువ భాగం గడిపేది కుక్క మీద కాదు, గోడ పగుళ్లలో, మంచం వెనక, గేటు సందుల్లో. ఆడది రక్తం తాగి ఉబ్బాక కిందపడి, పాకుతూ వెళ్లి వేల గుడ్లు పెడుతుంది. అందువల్ల కుక్క ఒంటి మీద ఏరినంత మాత్రాన అయిపోదు, ఇంటి పగుళ్లు కూడా పూడ్చాలి. వీటి కాటుతో వచ్చే ఎర్లీకియా అనే జబ్బులో జ్వరం, నీరసం, ముక్కు నుంచి రక్తం, పొట్ట మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. డెంగీలో మనకు పడిపోయినట్టే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. రక్తపరీక్షతో పట్టుకుంటే మందుంది. కాకపోతే సుమారు నాలుగు వారాలు వాడాలి. వారానికి కుక్క తోక ఊపుతూ అన్నం తినగానే మాత్రలు మానేసే ఇళ్లే ఎక్కువ, జబ్బు తిరగబెట్టేదీ అక్కడే.

గోమార్లకు పొలంలో కొట్టే పురుగుమందు రాసేవాళ్లున్నారు. దయచేసి వద్దు. కుక్క తన ఒళ్లు తానే నాక్కుంటుంది. కుక్కకు వాడే కొన్ని గోమార్ల మందులు పిల్లికి ప్రాణాంతకం, కాబట్టి రెండూ ఉన్న ఇంట్లో ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

నులిపురుగుల మందు పెద్ద కుక్కలకు మూడు నెలలకోసారి చాలు, పిల్లలకు ఇంకా తరచుగా, బరువును బట్టి. ఈ పురుగుల గుడ్లు మట్టి ద్వారా చిన్నపిల్లల కడుపులోకి కూడా చేరతాయి.

ఏడాదికోసారి, ఏడేళ్లు దాటితే రెండుసార్లు, ఏ జబ్బూ లేనప్పుడే డాక్టరుకు చూపించండి. బరువు, చిగుళ్లు, పళ్లు, చెవులు, గుండె, పొట్ట చూస్తారు. పది నిమిషాల పని. జంతువులు నొప్పిని దాచుకుంటాయి, మనకు తెలిసేసరికి ముదిరి ఉంటుంది. పిల్లలు వద్దనుకున్న ఆడకుక్కకు వయసులోనే ఆపరేషన్ చేయించడం మంచిది. లేకపోతే పెద్దయ్యాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. ఎదకు వచ్చిన కొన్ని వారాలకు అతిగా నీళ్లు తాగుతూ నీరసపడితే ఆ అనుమానంతోనే తీసుకెళ్లాలి. మగపిల్లి మూత్రానికి పదే పదే కూర్చుని ముక్కుతుంటే రేపటిదాకా ఆగొద్దు, అదే రోజు వెళ్లాలి. మన మందుల డబ్బాలోని పారాసెటమాల్ పిల్లికి విషం. ఉల్లిపాయ, చాక్లెట్, కిస్‌మిస్ కుక్కలకు పెట్టకూడదు.

ఆసుపత్రి గేటు చూడగానే వణికిపోయే కుక్కను అప్పుడప్పుడూ బరువు చూపించడానికి మాత్రమే తీసుకెళ్లి, ఒక బిస్కెట్టు పెట్టి తెచ్చేయండి. మూడోసారికి తనే ముందు నడుస్తుంది. పిల్లినైతే గాలి ఆడే బుట్టలో, ఇంట్లో అది పడుకునే తువ్వాలు వేసి తీసుకెళ్లాలి.

మనకు వేసవి అంటే బదిలీలు. సామాను లారీకి ఎక్కించేటప్పుడు టీకా పుస్తకం అట్టపెట్టెల అడుగున పడకుండా, పిల్లల టీసీలతో పాటు చేతి సంచిలో పెట్టుకోండి. రైల్లో తీసుకెళ్లాలంటే ఒకటి రెండు రోజుల ముందు పశువైద్యుడి ఫిట్‌నెస్ పత్రం తీసుకోవాలి. ఫస్ట్ ఏసీలో కూపేగానీ క్యాబిన్‌గానీ మొత్తం మనకే ఉంటే కుక్కను వెంట ఉంచుకోవచ్చు. లేదంటే గార్డు పెట్టెలోని డబ్బాలో పంపాలి. మే నెల ఎండలో ఆ డబ్బా ప్రయాణం నాకు నచ్చదు, పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే అసలే వద్దు. కొత్త ఊరు చేరాక నగరపాలక సంస్థలో కుక్కకు లైసెన్సు అడిగితే రేబిస్ టీకా రుజువే చూపించాలి. గ్యాస్ కనెక్షన్ మార్చుకునే వారంలోనే దగ్గర్లో పశువైద్యశాల ఎక్కడుందో, ఏ వేళల్లో తెరుస్తారో, రాత్రిపూట చూసే డాక్టరు ఎవరో కనుక్కుని, ఆ నంబరు టీకా పుస్తకం అట్ట మీదే రాసిపెట్టండి.