పక్కకి తప్పుకోవద్దు

టొరంటో

చి. అమ్ములుకి,



ఒంటారియోలోని ఆల్గాన్‌క్విన్ పార్కులో జరిగే ఆడపిల్లల క్యాంపుకి నిన్ను పంపడానికి మీ అమ్మానాన్నా ఒప్పుకున్నారని తెలిసి చాలా సంతోషించాను. మీ అమ్మ ఇంకా బెంగపడుతూనే ఉంది, దానికి విసుక్కోకు. ఫోను కూడా దగ్గర లేని పిల్ల కోసం అన్నాళ్ళు నిబ్బరంగా ఉండడం ఏ తల్లికైనా కష్టమే. వారానికో ఉత్తరం మానకుండా రాయి. నీకు మాత్రం నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒక్కటే: అక్కడ ఏ పని వచ్చినా పక్కకి తప్పుకోవద్దు.

మన ఇళ్ళల్లో ఆడపిల్లల్ని ప్రేమకొద్దీ పక్కకి జరుపుతారు. బరువైన పెట్టె కనపడితే "నువ్వుండమ్మా, అన్నయ్య తెస్తాడు" అంటారు. నిచ్చెన ఎక్కాలన్నా అంతే, కారు టైరు మార్చాలన్నా అంతే. కొన్నాళ్ళకి అవి మన పనులు కావని మనకే అనిపించడం మొదలవుతుంది. నువ్వు వెళ్ళేచోట ఆ అన్నయ్య ఉండడు. కట్టెలు కొట్టడం, పొయ్యి రాజెయ్యడం, మ్యాపు చూసి దారి చెప్పడం, పడవ మొయ్యడం, అన్నీ ఆడపిల్లలే చెయ్యాలి. ఆడపిల్లలకి విడిగా క్యాంపు ఉండడంలోని మేలంతా అందులోనే ఉంది.

ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. ఆల్గాన్‌క్విన్ 1893లో పార్కు అయింది. ఆ తరవాత ఇరవై ఏళ్ళు గడవకముందే ఫానీ కేస్ అనే ఆవిడ క్యాష్ లేక్ ఒడ్డున నార్త్‌వే లాడ్జ్ పేరుతో ఆడపిల్లల క్యాంపు నడపడం మొదలుపెట్టింది. 1924లో కెనూ లేక్ మీద వాపోమియో అనే ఆడపిల్లల క్యాంపు వచ్చింది. ఒంటారియోలో ఆడవాళ్ళకి ఓటు హక్కు దక్కింది 1917లో. అంటే తల్లులకి ఓటు లేని రోజుల్లోనే నార్త్‌వే లాడ్జ్‌లో కూతుళ్ళు తెడ్డు పట్టి సరస్సులు దాటారన్నమాట. నార్త్‌వే లాడ్జ్‌కి 1920లలో క్యాంపుకొచ్చిన ఈస్తర్ కైజర్ అనే అమ్మాయి పెద్దయ్యాక ఆల్గాన్‌క్విన్‌లో మొట్టమొదటి మహిళా గైడ్ అయింది. జనాన్ని వెంటబెట్టుకుని అడవిలోకి తీసుకువెళ్ళి, క్షేమంగా తిరిగి తీసుకురావడం ఆవిడ వృత్తి. అందుకు కావలసిన చదువు ఆవిడకి ఆ సరస్సుల మీదే మొదలైంది.

ఇక నీ సంగతి. కెనూ పడవలో ముందు కూర్చున్నవాళ్ళు బలం ఇస్తారు, వెనక కూర్చున్నవాళ్ళు దారి నడుపుతారు. మొదటి రోజే వెనక సీటు ఎవరూ ఇవ్వరు, అయినా అడగడం మానకు. తెడ్డు వేసిన ప్రతిసారీ చివర్లో కాస్త బయటికి తిప్పితే పడవ తిన్నగా పోతుంది. అది చేతికి అలవాటయ్యేదాకా పడవ వంకరలు పోతుంది. పోనీ. గాలి ఎదురుగా ఉన్నప్పుడు నేర్చుకున్నదే నిలుస్తుంది.

ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పడవని భుజాల మీద బోర్లించుకుని నడవాలి. దాన్ని పోర్టేజ్ అంటారు. కర్రతో చేసి కాన్వాస్ కప్పిన పాతకాలపు కెనూ ముప్పై కిలోలకి పైనే ఉంటుంది. మొదట ఇంకొకరి సాయంతో ఎత్తడం నేర్చుకో, తరవాత ఒక్కదానివే కొంతదూరం నడిచి చూడు. చీలమండ బెణికితే మాత్రం దాచుకోకుండా వెంటనే చెప్పు. నొప్పి దాచిన పిల్ల వల్ల తక్కినవాళ్ళందరూ చిక్కులో పడతారు. ఉరుము వినపడగానే ఒడ్డుకి చేరాలి, పడవలో ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి. ఈ రెండింట్లో ధైర్యసాహసాలకి చోటు లేదు.

అక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. వాసన వచ్చే వస్తువేదీ రాత్రి గుడారంలో ఉంచుకోకూడదు. తిండి సరే, టూత్‌పేస్టూ, నువ్వు జడకి రాసుకునే కొబ్బరినూనే కూడా ఆహారం సంచిలో వేసి దూరంగా చెట్టుకి వేలాడదీయాలి. ఆవకాయ గాజు సీసాలో పంపొద్దని మీ అమ్మకి చెప్పు, పార్కు లోపలి దారుల్లోకి గాజు సీసాలూ రేకు డబ్బాలూ తీసుకెళ్ళనివ్వరు. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టమను. నూలు మేజోళ్ళు తడిస్తే ఆరవు, ఉన్నివి కొనుక్కో.

నెలసరి గురించి మీ అమ్మ మొహమాటపడుతుందేమోనని నేనే చెబుతున్నాను. ఆ రోజుల్లో విడిగా కూర్చోవలసిన పని లేదు, ఈత మానవలసిన పనీ లేదు. నీ గ్రూపు లీడర్‌కి చెప్పు. వాడిన ప్యాడ్లు మట్టిలో పాతిపెట్టకుండా, నిప్పులో వెయ్యకుండా మందపాటి జిప్ కవర్లో వేసి, రాత్రి ఆహారం సంచితో పాటే చెట్టుకి కట్టించి, తిరిగి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకో.

మొదటి రాత్రుల్లో దిగులేస్తుంది. లూన్ అనే నీటిపక్షి చీకట్లో ఎవరో ఏడుస్తున్నట్టు కూస్తుంది. నిద్ర పట్టకపోతే పక్క పిల్లని పలకరించు, ఆ పిల్ల కూడా మేలుకునే ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ పార్కు ఉన్న నేల ఆల్గాన్‌క్విన్ అనే ఆదివాసులది. బర్చ్ చెట్టు బెరడుతో తేలికైన కెనూ కట్టి ఈ దారులన్నిట్లో తిరిగింది వాళ్ళూ, వాళ్ళ చుట్టుపక్కల ఆదివాసులూ. ఉత్తర అమెరికాలోని పాత క్యాంపులు చాలావరకు ఒకప్పుడు ఆదివాసుల వేషాలు వేసి, ఈకలు పెట్టుకుని ఆడుకునేవి. ఇప్పుడు చాలాచోట్ల అది మానేశారు, మంచిపని చేశారు. నువ్వు తెడ్డు పట్టినప్పుడల్లా ఆ ఆదివాసుల విద్యే నేర్చుకుంటున్నావని గుర్తుంచుకో.

వచ్చే ఏడూ, ఆ పై ఏడూ కూడా వెళ్ళాలని నా కోరిక. అప్పటికి నీకంటే చిన్నవాళ్ళు వస్తారు. ఒక పిల్ల తడి కట్టెలతో కుస్తీ పడుతుంటుంది, నీకు చెయ్యి దురద పెడుతుంది. "ఉండు, నేను చేస్తా" అనకు. పక్కన కూర్చుని చెప్పు, అగ్గిపెట్టె మాత్రం ఆ పిల్ల చేతిలోనే ఉంచు.

క్షేమంగా వెళ్ళి రా తల్లీ.

ఇట్లు
మీ పెద్దమ్మ