వైర్‌లెస్ సెట్ చేతికొచ్చే ముందే నేర్వాల్సింది

లింగాల, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో ఇంటరో డిగ్రీయో పూర్తిచేసి ఫైర్‌మన్ పోస్టుకో, 108 అంబులెన్సు సేవలో చేరడానికో సిద్ధమయ్యే పిల్లల దినచర్య చూడండి. తెల్లవారుజామున మైదానంలో పరుగు, పగలు జీకే, అరిథ్‌మెటిక్, రాత్రి పాత ప్రశ్నపత్రాలు. ఎత్తు ఎంత ఉండాలి, ఛాతీ ఎంత విప్పారాలి అన్నది అందరికీ కంఠస్థమే. పరీక్ష అడిగేది అదే కనుక వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కానీ పరీక్ష గట్టెక్కాక ఏళ్ల తరబడి చేయాల్సిన పనిలో వినడం, చెప్పడం చాలా పెద్ద భాగం. పొగలో పక్క మనిషి కనపడనప్పుడు లోపలున్నవాళ్లను బయటివాళ్లతో కలిపేది చేతిలోని వైర్‌లెస్ సెట్ ఒక్కటే. ఎవరితో, ఏ ఛానెల్‌లో, ఎప్పుడు, ఎన్ని మాటల్లో చెప్పాలనే క్రమశిక్షణ ఈ ఉద్యోగాలకు ప్రాణం. దాన్ని ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చులే అనుకోకుండా చదువుకునే రోజుల్లోనే అలవరచుకోవాలన్నది నా వాదన.

మహానగరాల్లో ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో తెలిస్తే నేనెందుకింత నొక్కి చెబుతున్నానో అర్థమవుతుంది. ఏ బండి ఎక్కడికి వెళ్లాలో కంట్రోల్ రూమ్ చెప్పేది డిస్పాచ్ ఛానెల్‌లో. నగరమంతా వినపడేందుకు ఎత్తయిన చోట్ల, సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే రిపీటర్లు పెట్టి దాన్ని నడుపుతారు. మంటల దగ్గర బండి దిగిన సిబ్బంది మాత్రం ఆ ఛానెల్ వదిలి ఫైర్‌గ్రౌండ్ ఛానెల్‌కు మారతారు. అది సాధారణంగా రిపీటర్‌తో పనిలేకుండా ఒక సెట్ నుంచి ఇంకో సెట్‌కు నేరుగా పోతుంది. దూరం తక్కువ, కానీ నగరంలో ఇంకోచోట జరిగే గొడవ అందులోకి రాదు. ప్రమాదం పెద్దదైతే అధికారులు తమలో తాము మాట్లాడుకునేందుకు కమాండ్ ఛానెల్ వేరేగా తెరుస్తారు. అంబులెన్సులకు డిస్పాచ్ ఒకటైతే, ఆస్పత్రిలోని డాక్టరుకు రోగి పరిస్థితి చెప్పే ఛానెల్ ఇంకొకటి. ఇన్ని విభజనలకూ మూలం ఒక్కటే: ఒక ఛానెల్‌లో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే రెండు మాటలూ చెడిపోవచ్చు. అందుకే ముందు విని, ఛానెల్ ఖాళీగా ఉంటేనే బటన్ నొక్కి, ఒక క్షణం ఆగి, ఎవరిని పిలుస్తున్నారో, తామెవరో చెప్పి, ఆ తర్వాత విషయం రెండు ముక్కల్లో ముగిస్తారు. అవతలివారు విన్నదాన్ని తిరిగి చెప్పాకే అది అందినట్టు లెక్క. లోపల చిక్కుకున్న ఫైర్‌మన్ ప్రాణాపాయ సంకేతంగా 'మేడే' అని పిలిస్తే మిగతా అందరూ నోరు కట్టుకోవాలి. అవతలి ప్రాణం ఇవతలి మౌనం మీద ఆధారపడే వృత్తులు ఎన్నో ఉండవు.

ఈ క్రమం తప్పితే ఏమవుతుందో చెప్పడానికి 2001 సెప్టెంబర్ 11 నాటి న్యూయార్క్ ఉంది. ఆ రోజు జంట టవర్ల మీద జరిగిన ఉగ్రదాడిలో 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. దక్షిణ టవర్ కూలిన తర్వాత ఉత్తర టవర్ కూడా ఎక్కువసేపు నిలవదని పోలీసు హెలికాప్టర్‌లోని వారు తమ రేడియోలో హెచ్చరించారు. పోలీసుల ఛానెల్ వేరు, ఫైర్ సిబ్బంది ఛానెల్ వేరు కావడంతో లోపల మెట్లెక్కుతున్నవాళ్లకు ఆ మాట చేరలేదు. వెనక్కి రమ్మని ఫైర్ అధికారులు ఇచ్చిన ఆదేశం కూడా అందరికీ అందలేదని విచారణ కమిషన్ తేల్చింది. కొందరి సెట్లకు అంత ఎత్తయిన భవనంలో సిగ్నల్ అందలేదు, కొందరు వేరే ఛానెల్‌లో ఉన్నారు, సెలవులో ఉండి పరుగెత్తుకొచ్చిన కొందరి దగ్గర సెట్లే లేవు. లండన్‌లో 1987 నవంబర్ 18న కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్‌లో మంటలు 31 మందిని బలిగొన్నప్పుడు కూడా భూమి కింద రేడియోలు పనిచేయకపోవడం బయటపడింది. 2005 జూలైలో అదే నగరపు మెట్రోలో బాంబులు పేలినప్పుడు సమస్య ఇంకా తీరనే లేదు. డబ్బుకు, సాంకేతికతకు కొదవలేని నగరాల సంగతి ఇది. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ఇక్కడ ఒక విషయం గమనించాలి. భూగర్భంలో తరంగాలు నడవడానికి గనుల్లోనూ సొరంగాల్లోనూ 'లీకీ ఫీడర్' అనే ప్రత్యేకమైన కేబుల్ పరుస్తారు. లింగాలకు దగ్గర్లోనే ఉన్న వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం భూగర్భ గని ఉంది. పులివెందుల జేఎన్‌టీయూ కళాశాలలో ఈసీఈ చదివే విద్యార్థి ప్రాజెక్టుకు ఇంతకన్నా దగ్గరి అంశం దొరకదు.

మన దగ్గర అంబులెన్సులు ఫోన్ల మీదే నడుస్తుంటే రేడియో ఎందుకన్నది మొదటి అభ్యంతరం, అది న్యాయమైనదే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవకు ఫోనే వెన్నెముక. కాల్ సెంటర్‌లో ఒకరు వివరాలు తీసుకుంటారు, ఇంకొకరు దగ్గర్లోని బండిని పంపుతారు, అక్కడే ఉన్న డాక్టరు దారిలో బండిలోని ఈఎంటీకి (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) సలహా చెబుతారు. 2020 జూలై 1న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో 108 అంబులెన్సులు, 104 సంచార వైద్య వాహనాలు కలిపి 1,088 ఒకేసారి బయలుదేరినప్పుడు వాటిలో జీపీఎస్ కూడా వచ్చింది. ఒక రోగి, ఒక బండి, ఒక డాక్టరు ఉన్నప్పుడు ఫోనే మేలు, ఒప్పుకోవాలి. కానీ ఫోన్ ఇద్దరి మధ్య మాట. పది బండ్లు, యాభై మంది సిబ్బంది ఒకేచోట ఉన్నప్పుడు 'గోడ కూలబోతోంది, బయటికి రండి' అని ఒక్కొక్కరికీ నంబరు నొక్కి చెప్పే వ్యవధి ఎక్కడుంటుంది? పైగా ఫోన్‌కు టవర్ కావాలి, టవర్‌కు కరెంటు కావాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు కరెంటుతోపాటు మొబైల్ నెట్‌వర్కులూ కుప్పకూలాయి. విపత్తులు తీరప్రాంతానికే పరిమితమని అనుకోవడానికీ లేదు. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయింది అప్పటి మన కడప జిల్లాలోనే.

రెండో అభ్యంతరం ఇంగ్లిష్. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు వైర్‌లెస్ భాష రాదనే భయం పల్లెల్లో గట్టిగా ఉంది. ఇందులో ప్రపంచ అనుభవం వాళ్లకే అనుకూలం. అమెరికాలో ఒకప్పుడు పోలీసులు, ఫైర్ సిబ్బంది అంకెల కోడ్లలో మాట్లాడుకునేవారు. ఒకే అంకెకు ఒక్కో ఊళ్లో ఒక్కో అర్థం ఉండటంతో పలు శాఖలు కలిసి పనిచేసేచోట మామూలు మాటల్లోనే చెప్పాలని ఆ దేశం నియమం పెట్టుకుంది. కావలసింది స్పష్టత. 'రెండో అంతస్తు, ఎడమవైపు గది, ఇద్దరున్నారు, ఒకరికి స్పృహ లేదు' అని తెలుగులో తడబడకుండా చెప్పగలిగినవారు ఏ కంట్రోల్ రూమ్‌లోనైనా రాణిస్తారు. చదువు వరకు ఇంగ్లిష్ కొంత అవసరమే, కాదనను. అక్షరాలను ఆల్ఫా, బ్రావో, చార్లీ అని పలికే పద్ధతి మాత్రం కొద్దిరోజుల సాధనతో వచ్చేస్తుంది.

మూడో అభ్యంతరానికి నా దగ్గర సులువైన జవాబు లేదు. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. ఒక్క రాష్ట్ర అగ్నిమాపక శాఖనే నమ్ముకుని ఏళ్లు గడిపేయడం ప్రమాదం. అందుకే చూపు విశాలం చేసుకోవాలి. రాష్ట్రంలో ఫైర్‌మన్ పోస్టులను పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది. తెలంగాణలో ఎస్సై, కానిస్టేబుల్ పోస్టుల్లోనే ఐటీ, కమ్యూనికేషన్స్ విభాగం విడిగా ఉంది. ఇంటర్ సైన్స్ గ్రూపుతో సీఐఎస్ఎఫ్‌లో కానిస్టేబుల్ ఫైర్ పోస్టులకు వెళ్లవచ్చు. విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఫైర్ సర్వీసుకు జూనియర్ అసిస్టెంట్లను తీసుకుంటుంది. శ్రీహరికోట షార్ కేంద్రం పదో తరగతి అర్హతతో ఫైర్‌మన్లను తీసుకున్న సందర్భాలున్నాయి. అధికారి స్థాయికి ఎదగాలనుకునేవారికి నాగ్‌పూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాల ఉంది. ఇంటి దగ్గరే ఉండాలనుకునేవారు ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాల వంటి చోట్ల సేఫ్టీ, ఫైర్ విభాగాల అవకాశాలు వెతకాలి. అంబులెన్సు వైపు వెళ్లేవారు నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదువుల తర్వాత ఈఎంటీ శిక్షణకు చూడవచ్చు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టులను కూడా తన పరిధిలోకి తీసుకుంది కాబట్టి గుర్తింపు లేని స్వల్పకాలిక కోర్సులకు డబ్బు పోయకండి.

సాధన ఎక్కడ చేయాలి? ఆన్‌లైన్‌లో చవకగా దొరికే వాకీటాకీ కొని పోలీసు మాటలు వినడానికి ప్రయత్నించడం మాత్రం వద్దు. మినహాయింపు ఉన్న కొద్దిపాటి ఫ్రీక్వెన్సీలు తప్ప మిగతావాటిని లైసెన్సు లేకుండా వాడటం నేరం, కేసు పడితే ప్రభుత్వోద్యోగం మీద ఆశ వదులుకోవాల్సి వస్తుంది. చట్టం తెరిచిన దారి హామ్ రేడియో, అంటే అభిరుచి కోసం లైసెన్సుతో నడిపే అమెచ్యూర్ రేడియో. కేంద్ర టెలికాం శాఖ నిర్వహించే పరీక్షకు 12 ఏళ్లు నిండినవారు కూర్చోవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. 1983 నుంచి హైదరాబాద్‌లో ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఇందులో శిక్షణ ఇస్తూ వచ్చింది. ఆ సంస్థ తరఫున అండమాన్‌కు హామ్ యాత్ర మీద వెళ్లిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నారు. సంబంధాలు తెగిపోయిన ఆ దీవుల క్షేమసమాచారాన్ని ఆమె తన సెట్ నుంచే బయటి ప్రపంచానికి చేరవేశారు. ఆడపిల్లలకు ఈ రంగం ఎందుకని అడిగే తల్లిదండ్రులకు ఆమె పేరు చెప్పండి. పరీక్ష సిలబస్ కూడా కొండంత కాదు: రేడియో సిద్ధాంతం, నిబంధనలు, అంతే. లింగాల నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే ఒకరు కంట్రోల్ రూమ్‌గా, మిగతావాళ్లు బండ్లుగా కూర్చుని మామూలు మాటలతోనే రోజూ అరగంట సాధన చేయవచ్చు. దానికి సెట్ కూడా అక్కర్లేదు.