క్రీడాకారిణి ఆకర్షణ – అందంలోనా, ఆటలోనా?



హాస్టల్ టీవీ గదిలో ఏ పోటీ వచ్చినా మన మధ్య నడిచే చర్చ ఒకటున్నది. ఏ ఆటలో అమ్మాయిలు బాగుంటారు? టెన్నిస్ అని ఒకరు, బ్యాడ్మింటన్ అని ఒకరు, క్రికెట్ అని మరొకరు అంటారు. బరువులెత్తే పోటీ, కుస్తీ, గుండు విసరడం మాత్రం ఎవరి నోటా రావు. ఈ హాస్టల్‌లో ఉన్నన్నాళ్లు మేము కూడా ఆ చర్చలో గొంతు కలిపినవాళ్లమే. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లంగా, ఇప్పుడు పీజీ చదువుతూ వెనక్కి చూసుకుంటే, ఆ ప్రశ్నే సరిగా వేసుకోలేదనిపిస్తున్నది. ఆట ఆడేవాళ్లు చూసేవాళ్లను ఆకట్టుకోవడం తప్పు కాదు. ఆ ఆకర్షణ ఎక్కడ నుంచి పుడుతున్నదన్నదే ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

బట్టల చుట్టూ తిరిగిన పెద్దలు

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. 2004లో ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్, మహిళల ఫుట్‌బాల్‌కు ఆదరణ పెరగాలంటే వాళ్లు బిగుతైన నిక్కర్లు వేసుకోవాలని సలహా ఇచ్చాడు. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య పెద్ద పోటీల్లో స్త్రీలు స్కర్టు వేసుకొని తీరాలని నిబంధన తెచ్చింది. ఆటకు ఆకర్షణ పెంచడానికేనన్నది. విమర్శలు రావడంతో 2012లో విరమించుకున్నది. 2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ జట్టుకు బికినీకి బదులు నిక్కర్లు వేసుకున్నందుకు 1,500 యూరోల జరిమానా పడింది.

మన హైదరాబాద్ సానియా మీర్జాకు 2005లో ఎదురైంది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొట్టి స్కర్టు వేసుకుంటున్నదని కొందరు మతపెద్దలు అభ్యంతరపెట్టారు. ఒకచోట పొట్టి బట్టలు వేసుకొమ్మన్నారు, ఒకచోట వద్దన్నారు. రెండుచోట్లా ఆట గురించి మాత్రం ఒక్క మాట లేదు. ఆమె 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచింది. ఆ బలమైన ఫోర్‌హ్యాండ్ గురించి మనం ఎంత మాట్లాడుకున్నాం?

ఒక్కో ఆటకు ఒక్కో దేహం

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ పోటీ ఒలింపిక్స్‌లో పెట్టిందే ఆ ఏడాది. ఈ ఆటలో రెండు పద్ధతులుంటాయి. స్నాచ్ అంటే బరువును నేల మీద నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం. క్లీన్ అండ్ జెర్క్ అంటే ముందు భుజాల దాకా తెచ్చి, అక్కడి నుంచి తలపైకి లేపడం. మల్లీశ్వరి స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి ప్రయత్నంలో బంగారం కోసం ఏకంగా 137.5 కిలోలు పెట్టించుకొని తప్పింది. చేతి బలం ఒక్కటే ఉంటే ఆ బరువు లేవదు. కడ్డీ పైకి లేచిన రెప్పపాటులో దేహాన్ని దాని కిందికి దించాలి. ఆ రెప్పపాటే ఈ ఆటకు అందం.

పి.వి. సింధు 2017 ప్రపంచ పోటీ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి ఒకుహరతో 110 నిమిషాలు పోరాడి ఓడింది. 2019లో అదే ప్రత్యర్థిని, అదే ఫైనల్లో 21-7, 21-7తో ఓడించి ప్రపంచ విజేత అయింది. ఓటమికీ గెలుపుకూ మధ్య ఆ రెండేళ్ల సాధన తెలిసినవాడికి ఆమె స్మాష్ వేరుగా కనిపిస్తుంది.

మన సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందినిది హెప్టాథ్లాన్. రెండు రోజుల్లో ఏడు అంశాలు: హర్డిల్స్, హైజంప్, గుండు విసరడం, 200 మీటర్లు, లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్లు. టీ అమ్మే తండ్రి బిడ్డ ఆమె. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 5,712 పాయింట్లతో కాంస్యం, 2025 ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో బంగారం తెచ్చింది.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన కూలీల బిడ్డ దీప్తి జీవాంజి చిన్నప్పుడు తన రూపం గురించి ఎన్నో ఎగతాళి మాటలు పడింది. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో ఆమె కాంస్యం గెలిచింది. మారింది ఆమె ముఖం కాదు, చూసేవాళ్ల చూపు.

మన ఇండ్లలో చూద్దాం

బొగ్గుబాయి ప్రాంతంలో పుట్టిన మనకు దేహమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. తట్టా చెమ్మస్ పట్టిన నాయినల భుజాలు చూసి గర్వపడ్డాం. మరి అమ్మలు? వరిమోపు ఎత్తుకునే అమ్మను గమనించండి. ముందు తొడ మీదికి, అక్కడి నుంచి ఒక్క ఊపుతో తల మీదికి. క్లీన్ అండ్ జెర్క్ మన పొలాల్లో ఎప్పటి నుంచో ఉన్నది. దానికి పతకం లేదు, అంతే.

అయినా ఆడవాళ్లకు బలం లేదనే మాట చట్టాల దాకా పోయింది. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ గనిలోకి దిగనివ్వలేదు. 2019 జనవరిలో గానీ కేంద్రం దాన్ని సడలించలేదు. అప్పుడు కూడా పగటిపూట, కొన్ని సాంకేతిక, పర్యవేక్షక పనులకే. ఆటల్లోనూ అదే కథ. 1928 ఒలింపిక్స్‌లో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టి, చివర్లో వాళ్లు అలసిపోయారనే సాకుతో తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. అలసట రాని పరుగు ఏ మగవాడు పరుగెత్తాడు?

మా తప్పు

ఆ 800 మీటర్ల గురించే మేము ఒకటి ఒప్పుకోవాలి. డిగ్రీ చదివే రోజుల్లో పొద్దున్నే గ్రౌండు మెట్ల మీద కూర్చునేవాళ్లం. బాలికల హాస్టల్ నుంచి కొందరు చెల్లెళ్లు సాధనకు వచ్చేవారు. వారిలో ఒకామె 800 మీటర్లకు తయారవుతున్నది. ఆమె మొదటిసారి నిక్కరు వేసుకొని వచ్చిన రోజు మాలో ఒకరు ఏదో అన్నారు. మిగతావాళ్లం నవ్వాం. మర్నాటి నుంచి ఆమె చుడీదార్ మీదే పరుగెత్తింది. వారం తిరగకముందే రావడం మానేసింది.

మాట అన్నది ఒక్కరే, నవ్వింది మేమందరం. ఆమె రెండో రౌండులో వేగం ఎక్కడ పెంచేదో, ఎన్ని నిమిషాల్లో ముగించేదో ఇప్పుడు చెప్పమంటే మాకు రాదు. రోజూ అక్కడే కూర్చున్నాం గానీ, ఆమె పరుగు మాత్రం చూడలేదు. ఈ సంచిక ఆ చెల్లె చేతికి అందితే, మమ్మల్ని క్షమించమని కోరుతున్నాం.

చేయవలసింది

2025 నవంబరు 2న మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచకప్ గెలిచారు. కడప జిల్లా శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. ఆ రాత్రి కేకలు వేసిన మనకు, పొద్దున్నే గ్రౌండుకు వచ్చే చెల్లెను చూసే తీరు కూడా మారాలి కదా!

తమ్ముళ్లారా, మా కోరిక రెండే మాటలు. ఏ ఆట చూసినా ముందు దాని నియమాలు నేర్చుకోండి. అప్పుడు ఏది చూడాలో కన్నే చెబుతుంది. మీ పక్కనున్నవాడు ఆడపిల్ల మీద మాట విసిరితే, మాలాగా నవ్వకండి. మీరు నవ్వకుంటే ఆ మాట అక్కడే ఆగిపోతుంది, ఆమె పరుగు ఆగదు.