తుపాకీ గొట్టం మీద 3 టన్నులు

యూనిట్లు మార్చడం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చేతివాటం పని. పౌండ్లని కిలోలు చెయ్యాలంటే ఒక గుణకారం, అంతే కదా! ఆ ధీమాతో ముట్టుకోకూడని అంకెలు కొన్ని ఉన్నాయి. పాత షాట్‌గన్ గొట్టం మీద కొట్టి ఉండే ఒత్తిడి అంకె వాటిలో ఒకటి.

మలేషియాలో సెలంగోర్ నది దగ్గర బటాంగ్ బెర్జుంటై అని ఒక ఊరుంది. 2007లో దాని పేరు బెస్తారీ జయ అని మార్చారు. చుట్టూ రబ్బరు, పామాయిల్ తోటల ప్రాంతం. తెల్లదొరల కాలంలో మన తెలుగువాళ్ళు, తమిళులు కూలీలుగా వెళ్ళింది మలయాలోని ఇలాంటి తోటలకే. దొరలతో పాటు ఇంగ్లండులో చేసిన 12 బోరు జోడు గొట్టాల తుపాకులూ అక్కడికి చేరాయి. అడవిపందులు లేత మొక్కల మొదళ్ళు పెకలించి తినేస్తాయి మరి! మన జిల్లాల్లో కూడా లైసెన్సుతో సహా తాతల నుంచి వచ్చిన ఇలాంటి తుపాకీ ఉన్న ఇళ్ళున్నాయి. మీ ఇంట్లో ఉంటే ఈ వ్యాసం మీకోసమే.

లైసెన్సుదారు చేత తుపాకీ ఖాళీగా ఉందని చూపించుకుని, గొట్టాలు విడదీయించి వాటి అడుగు భాగం చూడండి. వెనక చివర చదునుగా ఉన్నచోట చిన్న చిన్న ముద్రలుంటాయి. కిరీటం కింద బి.ఎన్.పి. అనే అక్షరాలుంటే అది బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్ర. ఈ సంస్థ 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. అమ్మకానికి ముందు ప్రతి తుపాకీలోనూ మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి ఇచ్చే తూటా పేల్చి చూస్తారు. తట్టుకుంటే ముద్ర పడుతుంది. మన లోడ్ టెస్టింగ్ లాంటిదే అన్నమాట.

1954 నాటి బ్రిటిష్ నిబంధనల ప్రకారం ముద్ర వేసిన తుపాకీ మీద చదరపు అంగుళానికి 3 టన్నులు అని ఉంటుంది. 1989 తరవాతి వాటి మీద 850 బార్ అని కనిపిస్తుంది. ఇప్పుడు కాలిక్యులేటర్ తియ్యండి. బ్రిటిష్ టన్ను 2240 పౌండ్లు. మూడు టన్నులంటే 6720 పి.ఎస్.ఐ., అంటే సుమారు 463 బార్. ఈ లెక్కన పాత తుపాకీ కొత్తదానిలో సగం బలమున్నదా? కాదు. రెండు అంకెలూ ఒకే విషయం చెప్పడం లేదు.

మూడు టన్నులనేది రోజూ వాడే తూటా ఇవ్వదగిన ఒత్తిడి. 850 బార్ మాత్రం పరీక్షలో పెట్టిన ఒత్తిడి. ఆ తుపాకీలో వాడదగిన తూటా హద్దు 650 బార్. కొలిచే పద్ధతీ వేరే. పాత రోజుల్లో ఒక పిస్టన్ కింద చిన్న లోహపు దిమ్మ పెట్టి, పేల్చాక అది ఎంత నలిగిందో చూసి లెక్క కట్టేవాళ్ళు. ఒత్తిడి శిఖరానికి ఎక్కి దిగిపోవడం మిల్లీసెకన్ల పని. అంతలో దిమ్మ పూర్తిగా నలగదు కాబట్టి అంకె తక్కువ వస్తుంది. నిమిషానికొకసారి సీపీయూ గ్రాఫ్ చూసి స్పైకులే లేవనుకున్నట్టు! ఇప్పుడు పీజోఎలక్ట్రిక్ సెన్సర్లు ఆ శిఖరాన్ని పట్టుకుంటాయి. పాత టన్నుల్ని దాదాపుగా సరిచెయ్యడానికి మేజర్ బరార్డ్ సూత్రం ఒకటుంది: టన్నుల్ని ఒకటిన్నరతో హెచ్చవేసి, అర తీసేసి, 2240తో హెచ్చవెయ్యాలి. మూడు టన్నులకి 8960 పి.ఎస్.ఐ., అంటే 618 బార్ వస్తుంది. ఇది ఉజ్జాయింపు మాత్రమే, దీని మీద భరోసా పెట్టుకుని పేల్చెయ్యకండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. అక్కడ రెండుముప్పావు అంగుళాల 12 బోరు తూటాకి పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ హద్దు 11,500 పి.ఎస్.ఐ. తాతగారి తుపాకీ లెక్క 8960 దగ్గర ఉంది.

ఒత్తిడి పక్కనే ఉండే ఇంకో అంకెని చాలామంది పట్టించుకోరు. అది చాంబర్ పొడవు. పాత ఇంగ్లీషు తుపాకుల్లో తరచు రెండున్నర అంగుళాలు. కొత్త లెక్కలో 65 మి.మీ. అని రాస్తారు. తూటా పెట్టె మీద రాసే పొడవేమో పేలాక మూతి విచ్చుకున్న తరవాతి పొడవు! 70 మి.మీ. తూటా పేలకముందు 60 మి.మీ. లోపే ఉండొచ్చు. అంచేత చిన్న చాంబర్లో హాయిగా పట్టేస్తుంది, తుపాకీ మూసుకుంటుంది. కంపైల్ అయింది కాబట్టి ప్రోగ్రాం సరైనదే అనుకునే కుర్ర ప్రోగ్రామర్లు గుర్తొస్తారు నాకు. పేలినప్పుడు ఆ మూతి గొట్టం సన్నబడే చోటికి విచ్చుకుంటుంది, దారి ఇరుకవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం పగిలితే పోయేది ముందు చెక్కని పట్టుకున్న ఎడమచెయ్యి.

ముద్ర కూడా వేసిననాటి గొట్టానికే వర్తిస్తుంది. మలేషియా ఉక్కలో, మన కోస్తా ఉప్పుగాలిలో దశాబ్దాలు గడిచాక లోపల తుప్పు గుంటలు పడతాయి. వాటిని అరగదీసి నున్నగా చేయిస్తే గోడ పల్చబడుతుంది. అందుకే బోరు వ్యాసం కూడా ముద్రల్లో ఉంటుంది. లైసెన్సున్న తుపాకీ మరమ్మతుదారు చేత ఆ వ్యాసాన్నీ, గోడ మందాన్నీ మళ్ళీ కొలిపించాలి. మలేషియాలో ఆయుధాల వ్యవహారం 1960 నాటి చట్టం కింద చాలా కఠినం. తుపాకీ కదిలించే ముందే పోలీసు లైసెన్సు కాగితాలు సరిచూసుకోండి.