వకాల్తా మీద సంతకం పెట్టే ముందు



కోడలా, మీ నాన్న, అంటే మా బావ, పోయాక భూమంతా నీ అన్నదమ్ముల పేర విరాసత్ అయిపోయిందని విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. దావా వేస్తానన్నావు, హైదరాబాద్‌లో పెద్ద వకీలు ఎవరైనా తెలుసా అని అడిగావు. పెద్ద వకీలు సంగతి అట్లుంచు బిడ్డా, ముందు నీ కాగితాలు ఓపికగా చదివే వకీలు కావాలి.

విరాసత్ అయినంత మాత్రాన నీ హక్కు పోలేదు, అది గట్టిగా గుర్తుంచుకో. రెవెన్యూ రికార్డులో పేరెక్కడం వేరు, హక్కు తేలడం వేరు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కుందని హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన 2005 సవరణ చెప్పింది. ఆ సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా ఆ హక్కు ఉంటుందని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం అంతకు ఎంతో ముందే, 1986లో, పెళ్లికాని ఆడపిల్లలకు ఈ వాటా ఇచ్చింది. 1989లో మన కల్వకుర్తి ఆయన్ను ఓడించింది గానీ, ఆ పని గొప్పదని నేను ఇప్పటికీ అంటాను.

వకీలు దగ్గరికి పోయిన మొదటి రోజు నువ్వు ఎక్కువ మాట్లాడకు. ఆయన ఏమడుగుతాడో విను. భూమి తాత నుంచి వచ్చిందా, బావ సొంతంగా కొన్నదా? వీలునామా ఏమైనా రాశాడా? 2004 డిసెంబర్ 20 కంటే ముందు రిజిస్టరు పంపకం గానీ అమ్మకం గానీ జరిగిందా? జరిగి ఉంటే 2005 సవరణ దాన్ని కదిలించదు, అందుకే ఆ తేదీ అడగని వకీలు నీ కేసు సరిగా చూడనట్టే. నీ పెళ్లప్పుడు హక్కు వదులుకుంటున్నట్టు ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించుకున్నారా? పంట ఎవరు తీస్తున్నారు, నీకు ఏటా ఏమైనా ముట్టజెపుతున్నారా? ఇది ఆరా కోసం అడిగే ప్రశ్న కాదు. భూమి నీ ఉమ్మడి స్వాధీనంలో ఉన్నట్టా, నిన్ను బయట పెట్టినట్టా అన్నదాన్ని బట్టి కోర్టు ఫీజు చాలా మారిపోతుంది. బావ కొన్న భూమి అయినా భయపడకు. వీలునామా లేకపోతే కొడుకులతో పాటు నీకూ, మా అక్కకూ సమాన భాగం వస్తుంది. ఇవేవీ అడగకుండా "తప్పకుండా గెలుస్తాం, వకాల్తా మీద సంతకం పెట్టమ్మా" అన్నవాడి దగ్గర కూర్చోకు. నీ కేసులో ఎక్కడ బలం తక్కువో మొహం మీద చెప్పేవాడే నీకు పనికొస్తాడు.

అటువంటి వాళ్లు మన దగ్గర లేరనుకోకు. బూర్గుల రామకృష్ణారావు గారు ఈ పాత కల్వకుర్తి తాలూకాలో పుట్టి, వకీలుగా పేరు తెచ్చుకున్నాకే ముఖ్యమంత్రి అయ్యారు. పట్నం వకీలు ప్రతి పేషీకి రాలేడు, జూనియర్‌ను పంపి వాయిదా అడిగిస్తాడు. అందుకే ఇక్కడి వకీలునే చూసుకో. ఒక పూట మన కోర్టు హాల్లో వెనక కూర్చుని చూడు, ఎవరూ వద్దనరు. కేసు పిలిచినప్పుడు ఎవరు కట్ట విప్పి సూటిగా జవాబు చెబుతున్నారో నీకే తెలుస్తుంది. చిన్న ఊరు కదా, మీ అన్నదమ్ములకు ఇదివరకు ఏ కేసైనా చూశారా అని ఆ వకీలును మొహమాటం లేకుండా అడుగు.

ఫీజు మాట మొదటి రోజే తేల్చుకో. పంపకం దావాలో ముందు ప్రాథమిక డిక్రీ వస్తుంది, తర్వాత కోర్టు పంపిన కమిషనర్ వచ్చి కొలిచాకే తుది డిక్రీ. చెప్పిన ఫీజు రెండింటికీ కలిపా, మొదటిదానికేనా? గెలిస్తే భూమిలో వాటా ఇవ్వమంటే అక్కడి నుంచి లేచి రా, ఆ బేరం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. తెల్ల కాగితం మీద సంతకం పెట్టకు. అసలు కాగితాలు నీ దగ్గరే ఉంచుకుని జిరాక్సులు ఇవ్వు. దావా నంబరు పడగానే సీఎన్‌ఆర్ నంబరు తీసుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి పేషీ నువ్వే చూసుకోవచ్చు. వకీలు నచ్చకపోతే మార్చుకోవచ్చు, ఫీజు బాకీ ఉందని నీ ఫైలు ఆపే హక్కు ఆయనకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

చేతిలో డబ్బు లేదని వెనక్కి తగ్గకు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. కోర్టులో అడుగు, లేదా 15100కు ఫోన్ చెయ్యి. మీ అన్నదమ్ములు రాజీకి వస్తామంటే లోక్ అదాలత్‌లో కూర్చో, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. కానీ ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు. సర్వే నంబర్లు, ఎకరాలు, గుంటలు, హద్దులు అన్నీ రాయించాకే సంతకం పెట్టు.

ఈలోగా పాత పహాణీలు, ఈసీ, బావ మరణ ధ్రువపత్రం తీయించి పెట్టు. 1954-55 ఖాస్రా పహాణీ నకలు దొరికితే మరీ మంచిది, భూమి తాతదో కాదో అందులో తెలుస్తుంది. అవన్నీ పట్టుకుని వచ్చే ఆదివారం ఇంటికి రా, ముందు మనిద్దరం కూర్చుని చదువుదాం.

మీ మామ
కల్వకుర్తి