హార్డ్ డిస్కుకు ఎప్పుడు విశ్రాంతి?

నిశ్శబ్దంగా ఉన్న గదిలో కంప్యూటరు పెట్టె దగ్గర చెవి పెట్టి వినండి. ఫ్యాను హోరు వెనుక సన్నగా గిర్రుమనే శబ్దం ఉంటే, లోపల హార్డ్ డిస్కు తిరుగుతున్నదన్నమాట. అయస్కాంత పూత గల పళ్ళేలు అందులో నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. వాటిమీద, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎత్తున, చదివే తల తేలుతూ ఉంటుంది.

పని లేనప్పుడు ఆ పళ్ళేలను ఆపితే కరెంటు మిగలదా? మిగులుతుంది. ఎంతో లెక్క వేద్దాం. బల్లమీది కంప్యూటరు డిస్కు ఊరికే తిరగడానికి సుమారు 5 వాట్లు కావాలి. ఆగి ఉంటే 1 వాట్ చాలు. రోజుకు 5 గంటలు ఆపితే మిగిలేది 20 వాట్-గంటలు. అంటే ఒక యూనిట్ ఆదా కావడానికి 50 రోజులు పడుతుంది!

ఇక ఖర్చు సంగతి. అనంతగిరి, కోదాడ పొలాల్లో బోరు మోటారు వేసినప్పుడు స్టార్టరు డబ్బా మీది ఆమ్మీటరు చూడండి. ముల్లు ఒక్కసారి పైకి లేచి, తరువాత దిగుతుంది. ఆగి ఉన్నదాన్ని కదిలించడానికి ఎక్కువ కరెంటు కావాలి. డిస్కు మోటారూ అంతే. బయలుదేరేటప్పుడు 12 వోల్టుల వద్ద దాదాపు 2 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 24 వాట్లు. 8 సెకన్లపాటు అలా తీసుకుంటే 192 జౌళ్ళు. ఆగి ఉన్న డిస్కు సెకనుకు 4 జౌళ్ళే మిగులుస్తుంది కనుక, 48 సెకన్లయినా నిద్రపోని డిస్కు వల్ల మనకు నష్టమే.

అరుగుదల ఇంకా పెద్ద చిక్కు. ల్యాప్‌టాప్ డిస్కులు కొన్ని సెకన్లు పని లేకపోతే తలను పక్కనున్న వాలు మీదికి చేరుస్తాయి. ఇలా 6 లక్షల సార్లు చేయవచ్చని చాలా డిస్కుల తయారీదారులు చెబుతారు. 2007లో ఉబుంటు లినక్స్ వాడేవారు ఒక వింత గమనించారు. డిస్కు తలను పక్కన పెట్టగానే, లినక్స్ తన దినచర్య రాసుకోవడానికి దాన్ని మళ్ళీ లాగుతున్నది! నిమిషానికి రెండుసార్లు చొప్పున రోజుకు 8 గంటలు ఇలా జరిగితే 960 సార్లు. 6 లక్షలు 625 రోజుల్లోనే పూర్తవుతాయి. ఇద్దరూ మంచి పనే చేస్తున్నారు, మధ్యలో అరిగేది తల.

లినక్స్‌లో దీన్ని సరిదిద్దే సాధనం హెచ్‌డీపార్మ్. దానికి పెద్ద బి అక్షరంతో 254 ఇస్తే చాలా డిస్కులు తలను మాటిమాటికీ పక్కన పెట్టడం మానుతాయి. 127, అంతకు తక్కువ ఇస్తే పళ్ళేలు ఆగడానికి కూడా అనుమతి ఇచ్చినట్లే. ఎన్ని నిమిషాల తరువాత ఆగాలో పెద్ద ఎస్ అక్షరం చెబుతుంది. 1 నుంచి 240 వరకు ఒక్కో అంకె 5 సెకన్లు కనుక, 120 అంటే 10 నిమిషాలు. మరి 241? 20 నిమిషాల 5 సెకన్లు అనుకుంటారేమో, కాదు. అక్కడినుంచి లెక్క అరగంటల్లోకి మారుతుంది! ఈ సాధనంలోని కొన్ని ఆజ్ఞలు డిస్కులోని సమాచారాన్నే చెరిపివేస్తాయి. అందుచేత ఉపాధ్యాయుడు పక్కన ఉండగానే వాడండి.

ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్లకు ఈ బాధ లేదు, అందులో తిరిగేదేదీ ఉండదు. తిరిగే డిస్కు ఉంటే స్మార్ట్‌సీటీఎల్ అనే సాధనంతో దాని పట్టికను తెరిపించండి. 193వ వరుసలో తల ఎన్నిసార్లు పక్కకు వెళ్ళిందో చాలా డిస్కులు చూపుతాయి. ఈరోజు అంకె రాసుకుని, రేపు అదే వేళకు మళ్ళీ చూసి, తేడాతో 6 లక్షలను భాగించండి. ఎన్ని రోజులు వచ్చాయి?