ఎడమకే పోతున్న చెక్క బాణాలు

ప్రశ్న: నా లాంగ్‌బో బలం 28 అంగుళాల లాగుడు దగ్గర 45 పౌండ్లు. కుడిచేత్తో నారి లాగుతాను. చెక్క బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి. లోపం గురిలోనా, బాణంలోనా?

జవాబు: మీరు వదిలే తీరు నిలకడగా ఉంటే, ముందుగా బాణం బిరుసునే అనుమానించాలి. లాంగ్‌బోలో బాణం పిడికి పక్కనుంచి బయలుదేరుతుంది. నారి తోసినప్పుడు పాములా వంగి, పిడిని తప్పుకుని, గురివైపు తిరగాలి. బిరుసైనది వంగక ఎడమకు పోతుంది. మరీ మెత్తనిది కుడికి.

బిరుసును ఇంట్లోనే కొలవవచ్చు. 26 అంగుళాల ఎడంలో రెండు ఆనుల మీద బాణపు పుల్లను పెట్టి, నడుమ 2 పౌండ్ల బరువు వేలాడదీయండి. ఎన్ని అంగుళాలు కుంగిందో ఆ సంఖ్యతో 26ను భాగించండి. 0.6 అంగుళం కుంగితే బిరుసు సుమారు 43 పౌండ్లు. చెక్కలో గీతలు సమాంతరంగా కనిపించే పక్కను పైకి ఉంచి కొలవాలి. విల్లుకు ఆనేదీ ఆ పక్కే. చాలామంది మరిచేది ఇదే.

మీ విల్లుకు నేనైతే 40-45 పౌండ్ల బిరుసున్న పుల్లలతో మొదలుపెడతాను. కొత్తవి కొనేముందు, ఉన్నవాటికే బరువైన మొన తొడిగి చూడండి. మొన బరువు పెరిగితే బాణం ఇంకాస్త వంగుతుంది.